గేరులో పెట్టిన బండి

డులూత్, మిన్నెసోటా
1987 ఫిబ్రవరి 9

'ప్రశ్నల పెట్టె' నడిపే లైల్ కోవాచ్ గారికి,

మీ పాతకార్ల సంఘం పత్రిక మా ఇంటికి నెలనెలా వస్తుంది. చందాదారు నేను కాదు, మా అన్నయ్య ఆర్విడ్. అందులో వెనక పేజీలో మీరు వేసే పది ప్రశ్నలు తప్ప అతను వేరే ఏమీ చదవడు. కింద అచ్చేసిన జవాబుల మీద అట్టముక్క పెట్టుకుని, పదింటికీ పెన్సిలుతో జవాబులు రాసుకుని, అప్పుడు అట్ట తీసి చూస్తాడు.

కోవాచ్‌లు ఈ దేశంలో బోలెడంత మంది ఉంటారు. లైల్ కోవాచ్ మాత్రం నాకు ఒక్కరే తెలుసు. 1951 దాకా మా వీధి చివరింట్లో అద్దెకుంటూ ధాన్యం గోదాముల్లో పనిచేసిన మనిషి మీరే అయితే ఈ ఉత్తరం మీకే. కాకపోతే ప్రశ్న ఒక్కటీ చూసి జవాబివ్వండి.

ప్రశ్న ఇది. 1950 స్టూడిబేకర్ ఛాంపియన్. గేరు కర్ర స్టీరింగ్ పక్కన ఉండేది. బాగా ఏటవాలుగా ఉన్న వీధిలో, ముక్కు ఎత్తువైపు పెట్టి ఆపారు. మొదటి గేరులో ఉంచారు, హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగారు. లోపల ఎవరూ లేరు. అలాంటి బండి దానంతటదే గేరులోంచి బయటికొచ్చి, బ్రేకు సడలించుకుని వెనక్కి జారగలదా?

పత్రికలో వేయనక్కర్లేదు. ఇంటికి రాస్తే చాలు. ఎందుకడుగుతున్నానో ఇప్పుడు రాయను.

ఇర్మా నైక్విస్ట్


సౌత్ బెండ్, ఇండియానా
1987 ఫిబ్రవరి 17

ఇర్మా,

ఆ లైల్ కోవాచ్‌ని నేనే. మీరు, గారు అని రాశావు. కవరు తిరగేసి మళ్లీ చూసుకున్నాను, నాకేనా అని. ముప్పై ఆరేళ్లు గడిచినంత మాత్రాన నేనేమీ పెద్దమనిషిని అయిపోలేదు, నువ్వనే రాయి.

నా సంగతులు చెప్పాలంటే, ఇక్కడికొచ్చి స్టూడిబేకర్ ఫ్యాక్టరీలో తలుపులు బిగించే పనిలో చేరాను. 63 డిసెంబరులో మూసేసేదాకా పన్నెండేళ్లు తలుపులే. ఆ తర్వాత బడి బస్సుల మరమ్మతు. రెండేళ్ల కింద అదీ మానేశాను. మా ఆవిడ బెర్నీస్ పోయి నాలుగేళ్లయింది. కూతురు ఫోర్ట్ వేన్‌లో ఉంటుంది, ఆదివారాలు ఫోన్ చేసి ఏం తిన్నానో అడుగుతుంది. మిగతా పొద్దంతా ఈ ప్రశ్నల పెట్టె. మనుషులు ఎక్కడెక్కడి నుంచో రాస్తారు. మొన్నొకాయన పెళ్లయిన కొత్తలో నాష్ బండి సీట్లు వెనక్కి వాల్చి మంచం చేసుకుని ఎల్లోస్టోన్ దాకా వెళ్లొచ్చామని నాలుగు పేజీలు రాశాడు. ఇంకొకాయన 56లో కారులో గ్రామఫోను పెట్టించుకున్నాడట. గతుకుల్లో ముల్లు ఎగరకుండా బాగానే పాడేదని ఒట్టేశాడు.

ఆర్విడ్ ఛాంపియన్ నాకు బాగా గుర్తుంది. విమానానికి ఉన్నట్టు ఆ ముక్కు, వెనకాల చుట్టూ తిరిగిన అద్దం. వస్తోందో పోతోందో తెలీని బండి కొన్నావేంట్రా అని మీ నాన్న వాణ్ణి ఏడిపించేవాడు. తాళంచెవి తిప్పి క్లచ్ అడుగంటా తొక్కితేనే ఇంజన్ అందుకునేది. ఆ రేడియో కూడా. నొక్కగానే పలికేది కాదు, లోపల వాల్వులు వేడెక్కాలి. అర నిమిషం చూసి చూసి, ఇక పనిచేయదనుకున్నాక, సరస్సు మీద గాలి ఎంత వేగంతో వీస్తోందో ఒక ముక్కుగొంతువాడు చెప్పడం మొదలెట్టాడు.

ఇక నీ ప్రశ్న. ఖచ్చితంగా చెప్పలేం. పాత బండి, చలిప్రాంతం, ఏమైనా జరగొచ్చు. ఆ బండికి హిల్ హోల్డర్ అని ఒకటుండేది. ఎత్తు మీద ఆగినప్పుడు క్లచ్ తొక్కి ఉన్నంతసేపూ బ్రేకు వదిలినా బండి వెనక్కి జారదు. కానీ మనిషి కాలు తీసి దిగిపోతే అది పనిచేయదు. ఇంతవరకే చెప్పగలను.

ఆర్విడ్ ఎలా ఉన్నాడు? నా ప్రశ్నలకి పదికి ఎన్ని వస్తుంటాయి?

లైల్


డులూత్
1987 మార్చి 2

లైల్,

పదికి పది వస్తాయి. జనవరిలో మాత్రం తొమ్మిది. ఆ ఒక్కటీ తప్పు నీదేనంటాడు. 56 షెవర్లేకి పెట్రోలు మూత కుడివైపు వెనక దీపం చాటున ఉంటుందని వేశావట. ఎడమ దీపం చాటున. ఈ మాట నెల రోజులుగా అన్నం దగ్గర కూడా వింటున్నాను, దయచేసి దిద్దు.

నీకు రాశానని అతనికింకా చెప్పలేదు. ఎందుకడిగానో చెప్తాను. మొదటి రోజు నువ్వూ అక్కడే ఉన్నావు, ఆ తర్వాతది నీకు తెలీదు.

బండి లిండాల్ బేకరీ ముందు నుంచి వెనక్కి జారి, రెండు వీధులు దిగి, టోయ్వో సాల్మెలా చెప్పుల కొట్టులోకి దూసుకెళ్లింది కదా. మెట్లు ఊడుస్తున్న సాల్మెలా కాలు మోకాలి కింద నుజ్జయింది. గేరు న్యూట్రల్‌లో ఉంది, హ్యాండ్ బ్రేకు ఒక్క మెట్టే లాగి ఉంది అని పోలీసులు రాసుకున్నారు. నేను గేరులో పెట్టాను, బ్రేకు పూర్తిగా లాగాను అని ఆర్విడ్ ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. సిటీ బస్సు నడిపే ఉద్యోగం పోయింది. సొంత బండి ఆపడం రానివాడి చేతిలో నలభై మందిని ఎలా పెడతామన్నారు. లైసెన్సు ఎవరూ లాక్కోలేదు, తనే వెళ్లి బల్ల మీద పెట్టి వచ్చాడు. అప్పట్నుంచి ఇనుప ఖనిజం ఓడలకెత్తే రేవులో పని. ఆ కొండ దిగి వెళ్లడం, ఎక్కి రావడం, రోజూ నడకే.

శనివారం శనివారం సాల్మెలా ఇంటికి వెళ్లేవాడు. చలికాలం వాకిట్లో మంచు ఎత్తిపోయడం, మిగతా రోజుల్లో కట్టెలు కొట్టడం. మొదటి ఏడు ఆ ముసలాయన కిటికీ తెరిచి తిట్టేవాడు. రెండో ఏడు తిట్టడం మానేశాడు. ఆరో ఏటో ఏడో ఏటో, కాఫీ ఇచ్చాడు. 1974లో ఆయన పోయేదాకా ఒక్క శనివారం తప్పలేదు.

ఛాంపియన్ మా గరాజ్‌లోనే ఉంది. ఒక్కో ముక్కా తెచ్చి పదేళ్లలో మళ్లీ నిలబెట్టాడు. ఆదివారం భోజనం చేశాక వెళ్లి ఇంజన్ నడుపుతాడు, పావుగంట విని ఆపేస్తాడు. గరాజ్ దాటించడు.

ఇప్పుడు నా కళ్లు పోతున్నాయి. పూర్తిగా కాదులే. అంచుల్నుంచి చీకటి మూసుకొస్తోంది. ఆగస్టుతో నా లైసెన్సు అయిపోతుంది, కొత్తదానికి సంతకం పెట్టనని డాక్టర్ చెప్పేశాడు. కిరాణా, ఆసుపత్రి, చర్చి అన్నీ కొండ కింద. ఈ ఇల్లు అమ్మేసి ఆసుపత్రి పక్క ఫ్లాట్లలో చేరండని మా పినతల్లి కొడుకు పోరుతున్నాడు. అక్కడ గరాజ్ ఉండదు.

నువ్వు మళ్లీ లైసెన్సు తీసుకో అన్నాను ఆర్విడ్‌తో. ఏమన్నాడో అలాగే రాస్తున్నాను. "గేరులో పెట్టినట్టు నా చేతికి ఇప్పటికీ గుర్తుంది. పెట్టలేదని కాగితం మీద ఉంది. తన చెయ్యి ఏం చేసిందో తనకే తెలీనివాణ్ణి స్టీరింగ్ ముందు కూర్చోబెట్టకూడదు ఇర్మా."

అందుకని అడిగాను. నీ జవాబు నాకు నచ్చలేదు. పాత బండి అన్నావు. అప్పటికి దాని వయసు ఏడాది. ఖచ్చితంగా చెప్పలేం అన్నావు. నీ పెట్టెలో ఆ మాట నేనెప్పుడూ చూడలేదు. ఇంకోసారి ఆలోచించి రాయి.

ఇర్మా


సౌత్ బెండ్
1987 మార్చి 12

ఇర్మా,

షెవర్లే మూత తప్పు నాదే. ఏప్రిల్ సంచికలో దిద్దుతాను. ఆర్విడ్ పేరు వేయమంటావా?

కళ్ల సంగతి విని బాధేసింది. ఇక్కడ మా ఊళ్లో ఒక మంచి డాక్టరున్నాడు, కావాలంటే కనుక్కుంటాను. ఛాంపియన్‌కి వెనక దీపం అద్దాలు అసలువి దొరక్క ఇబ్బంది పడుతున్నాడేమో. నా దగ్గర ఒక జత ఉంది, ఫ్యాక్టరీ కాగితం కూడా విప్పలేదు. ఈ ఉత్తరంతోపాటే వేరే పెట్టెలో పంపాను.

సాల్మెలా అంత కాలం బతికాడని నాకు తెలీదు. ఆర్విడ్ శనివారాల సంగతీ తెలీదు.

నీ ప్రశ్నకి చెప్పగలిగింది చెప్పాను. ఇన్నేళ్ల తర్వాత దాన్ని తవ్వి ఏం లాభం? లైసెన్సు తీసుకోమని వాడికి నేను చెప్పానని చెప్పు. వాడు మంచి డ్రైవరు.

లైల్


డులూత్
1987 మార్చి 20

లైల్,

దీపం అద్దాలు అందాయి. ఎక్కడివని ఆర్విడ్ అడిగితే చెప్పక తప్పింది కాదు. నీ పేరు వినగానే ముఖం విప్పారింది. నీ మొదటి ఉత్తరం చదివి వినిపించమన్నాడు. నాష్ మంచానికీ గ్రామఫోనుకీ నవ్వాడు. రేడియో దగ్గరికి వచ్చేసరికి చెయ్యెత్తి ఆపాడు.

ఆ రేడియో శుక్రవారం సాయంత్రం పెట్టించాడట. కొట్టు నుంచి నేరుగా ఇంటికి తెచ్చి గరాజ్‌లో పెట్టాడు. శనివారం పొద్దున నేరుగా బేకరీకి వెళ్లాడు. అరగంటలో బండి సాల్మెలా కొట్టులో ఉంది, రేడియో నాలుగు ముక్కలైంది. మళ్లీ ఎప్పుడూ పెట్టించలేదు. "లైల్ ఎప్పుడు విన్నాడు?" అన్నాడు. వేరే ఎవరి బండి రేడియోనో కలిపి చెబుతున్నాడేమోలే అని, మళ్లీ తనే సర్దుకున్నాడు.

నేను సర్దుకోలేదు. ఆ పొద్దున వీధి మలుపు తిరిగేసరికి నువ్వు నాకెదురు వస్తున్నావు. బేకరీ వైపు నుంచే వస్తున్నావు. చేతిలో రొట్టె లేదు.

ఎప్పుడు విన్నావు?

ఇర్మా


సౌత్ బెండ్
1987 ఏప్రిల్ 3

ఇర్మా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపాను. ఇది ఐదోది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నేను బేకరీ దగ్గరికొచ్చేసరికి ఆర్విడ్ లోపల వరసలో ఉన్నాడు. శనివారం కదా, గుమ్మం దాకా జనం. బండి బయట ఉంది. తలుపుకి తాళం లేదు, తాళంచెవి దానికే ఉంది. కొత్త రేడియో చూసి ఎక్కి కూర్చున్నాను. చెవి తిప్పి రేడియో పెట్టాను. గాలి వేగం విన్నాను.

బండి మొదటి గేరులో ఉంది. హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగి ఉంది. ఎంత గట్టిగా లాగాడంటే విప్పడానికి రెండు చేతులూ పెట్టాల్సొచ్చింది.

హిల్ హోల్డర్ గురించి వాడు నెలల తరబడి గొప్పలు చెప్పాడు. నాకు చూడాలనిపించింది. బ్రేకు తొక్కి పట్టి, గేరు తీసి న్యూట్రల్ చేశాను. హ్యాండ్ బ్రేకు వదిలాను. క్లచ్ అడుగంటా తొక్కితే ఇంజన్ అందుకుంది. బ్రేకు మీంచి కాలు తీశాను. కదల్లేదు. అంత నిటారైన కొండ మీద అంత బండి నా ఎడమ కాలి కింద ఆగి ఉంది. నవ్వొచ్చింది నాకు.

అప్పుడు ముందు అద్దంలోంచి నువ్వు మలుపు తిరుగుతూ కనిపించావు. ఆ సాయంత్రం ఫిన్నిష్ హాల్లో డాన్సుకి రమ్మని నిన్ను అడగాలని వారం నుంచి అనుకుంటున్నాను. మళ్లీ బ్రేకు తొక్కి, ఇంజన్ ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి, దిగి నీకెదురొచ్చాను. పూర్తిగా లాగాననుకున్నాను. ఒక్క మెట్టే పడింది. గేరు సంగతి నాకు తట్టనేలేదు. నువ్వూ నేనూ నిలబడి మాట్లాడిన ఆ రెండు మూడు నిమిషాలూ బండి ఆగింది. తర్వాత వెనక్కి తిరిగి చూసేసరికి అది కదులుతోంది.

బండి దగ్గరికి ఇంకెవరైనా వచ్చారా అని పోలీసు అడిగితే, ఎవరూ రాలేదు, నేనే ఆపాను, నేనే నడిపాను అన్నాడు ఆర్విడ్. నేను వాడి పక్కనే ఉన్నాను. నోరు తెరిచాను కూడా. అదే సమయానికి సాల్మెలాని స్ట్రెచర్ మీదికి ఎత్తారు. ఆ అరుపు విని మూసుకున్నాను. మర్నాడు చెబుదామనుకున్నాను. ఆ రోజు చెప్పలేనిది మర్నాడు మరీ కష్టమైంది. మూడు వారాలు చూసి ఊరొదిలి వచ్చేశాను.

నీ ప్రశ్నకి సరైన జవాబు: జారదు. గేరులో పెట్టి, బ్రేకు పూర్తిగా లాగిన ఆ బండి ఎవరూ ముట్టుకోకపోతే ఇవాల్టికీ అక్కడే ఉండేది.

ఆర్విడ్‌కి చెప్పు. నేనే రాయాలి నిజానికి. చేతకావడం లేదు.

లైల్


సౌత్ బెండ్
1987 మే 10

ఇర్మా,

ఐదు వారాలైంది. నా ఉత్తరం అందిందో లేదో ఒక్క ముక్క రాయి. తిట్టినా సరే.

లైల్


డులూత్
1987 మే 22

లైల్ కోవాచ్ గారికి,

మీ ఉత్తరం అందింది. వారాల తరబడి పిండి డబ్బాలో ఉంచాను. అతనికి చదివి వినిపించాలంటే నా సంగతి కూడా చెప్పాలి, అందుకు ధైర్యం చాల్లేదు.

నా సంగతి ఇది. ఆ రోజు పోలీసు నన్ను కూడా అడిగాడు, మీ అన్నయ్య జాగ్రత్త మనిషేనా అని. మతిమరుపు మనిషి, పొయ్యి కూడా ఆపకుండా వెళ్లిపోతుంటాడు అన్నాను. అంతకుముందు రోజు ఏదో మాటా మాటా అనుకున్నాం, ఆ కోపంలో అన్నాను. అది కూడా వాళ్లు రాసుకున్నారు. బస్సుల వాళ్లు దాన్ని పైకి చదివారట. ఎవరు చెప్పారో ఆర్విడ్‌కి తెలీదు, ఎప్పుడూ అడగలేదు. ముప్పై ఆరేళ్లుగా నేను నడుపుతున్న కారులో పక్క సీట్లో కూర్చుని వస్తున్నాడు.

మొన్న ఆదివారం గరాజ్‌లో ఇంజన్ ఆపాక ముందు నాది చెప్పి, తర్వాత మీది చదివాను. నా కళ్లకి మీ రాత అంత సులువుగా అందదు, చాలాసేపు పట్టింది. ఒక చోట ఆపాడు.

"ఏ గేరులో ఉందని రాశాడు?"

"మొదటి గేరులో."

"మళ్లీ చదువు."

మళ్లీ చదివాను. మూడోసారి కూడా చదివించుకున్నాడు. చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. అప్పటికే శుభ్రంగా ఉన్నాయి, అయినా ఒక్కో వేలూ తుడిచాడు. కోటు వేసుకుని బయటికి వెళ్లాడు. చీకటి పడేముందు వచ్చాడు. సాల్మెలా సమాధి దాకా వెళ్లొచ్చాడట. భోజనానికి కూర్చుని, "ఇరవై మూడేళ్లు లైల్ ఎత్తాల్సిన మంచు నేను ఎత్తాను" అన్నాడు. నన్ను మాత్రం ఏమీ అనలేదు. నాలుగు రోజులు ఇద్దరం ఉప్పు అందించుకోవడానికే మాట్లాడుకున్నాం.

ఐదో రోజు మీకు రాయమని చెప్పాడు. మీ క్షమాపణ అతనికి అక్కర్లేదు. అచ్చులో కావాలి. మీ ప్రశ్నల పెట్టెలో, మీ పేరుతో, తన పేరుతో.

నా మాట కూడా ఒకటుంది. ఆ రోజు మీరు డాన్సుకి రమ్మంటే చూద్దాం అన్నాను. ఆ మాటకి చిన్నబుచ్చుకుని మీరు ఊరొదిలి వెళ్లారని చాలా ఏళ్లు అనుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్నో.

ఇర్మా నైక్విస్ట్


సౌత్ బెండ్
1987 జూన్ 24

ఇర్మా నైక్విస్ట్ గారికి,

జూన్ సంచికలో వేసింది కత్తిరించి ఇందులో పెట్టాను. పేర్లు తీసేద్దామా అని సంపాదకుడు అడిగాడు, వద్దన్నాను. మామూలుగా పది ప్రశ్నలుంటాయి. ఈసారి ఒక్కటే.

"ప్రశ్న: 1950 ఛాంపియన్‌ని కొండ మీద మొదటి గేరులో పెట్టి, హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగి ఆపితే, అది దానంతటదే జారుతుందా?

జవాబు: జారదు. 1951 ఏప్రిల్ 14న డులూత్‌లో ఆర్విడ్ నైక్విస్ట్ తన బండిని సరిగ్గా అలాగే ఆపాడు. అతను రొట్టె కొనుక్కునేలోపు నేను అడక్కుండా బండెక్కి, గేరు తీసి, బ్రేకు వదిలి, సరిగా వేయకుండా దిగిపోయాను. బండి జారి టోయ్వో సాల్మెలా అనే మనిషి కాలు పోయింది. తప్పు ఆర్విడ్ మీద పడింది. నేను పక్కనే నిలబడి మాట్లాడలేదు. ఈ పెట్టెలో పదకొండేళ్లుగా నేనిచ్చిన జవాబుల్లో చిన్నచిన్న తప్పులు దొర్లాయి, దిద్దాను. ఇది పెద్దది, ఆలస్యంగా దిద్దుతున్నాను. లైల్ కోవాచ్."

ఈ సంచికతో ప్రశ్నల పెట్టె మానేశాను. ఉత్తరాలొచ్చాయి. కొందరు మంచిపని చేశావన్నారు. వాళ్లకి జవాబు రాయలేకపోతున్నాను. ఓహాయో నుంచి ఒకావిడ మాత్రం, అంతసేపెందుకు పట్టింది అని ఒక్క వాక్యం రాసింది. ఆవిడకి రాశాను, నాకూ తెలీదని.

మీ మాట గురించి. మీరు చూద్దాం అన్నారు, నాకు గుర్తుంది. రాననలేదని సంతోషపడే లోపే బండి కదిలింది.

లైల్ కోవాచ్


డులూత్
1987 జూలై 19

ఒరేయ్ లైల్,

నాకు ఉత్తరాలు రాయడం అలవాటు లేదు. ఇర్మా రాస్తానంది, వద్దన్నాను.

నువ్వు వేసింది చదివాను. కత్తిరించి చొక్కా జేబులో పెట్టుకుని, ఎవరికి చూపించాలా అని ఆలోచించాను. నన్ను తీసేసిన బస్సుల మేనేజరు పోయి చాలాకాలమైంది. కాగితం రాసిన పోలీసు పోయాడు. లిండాల్ పోయాడు. సాల్మెలా సరేసరి. మా నాన్న నన్ను నమ్మకుండానే పోయాడు. చివరికి లైసెన్సు ఆఫీసులో బల్ల వెనకున్న అమ్మాయికి చూపించాను. శ్రద్ధగానే చదివింది. చదివి, "మీ మీద మా దగ్గర ఏమీ లేదు సార్, మీరసలు మా పుస్తకాల్లోనే లేరు" అంది. ఈ ఏళ్లన్నీ ఎవరికి దడిచి నడిచానో నాకర్థం కాలేదు.

రాత పరీక్ష మొదటిసారి తప్పాను. సీటు బెల్టుల మీదే మూడు ప్రశ్నలు. మన రోజుల్లో అవెక్కడివి? రెండోసారి గట్టెక్కాను. నడిపే పరీక్ష ఇర్మా కారు మీద పెట్టారు. దానికి క్లచ్ లేదు. నా ఎడమకాలు పరీక్షంతా దానికోసం వెతుక్కుంటూనే ఉంది. పక్కన కూర్చున్నవాడు కాలు నొప్పా అని అడిగాడు. బుధవారం లైసెన్సు చేతికిచ్చారు. గురువారం ఇర్మాని కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. దిగేముందు అది పొయ్యి సంగతి మళ్లీ ఎత్తి ఏడ్చింది. "ఆ మాట నువ్వే అన్నావని నాకెప్పుడో అనుమానం ఉంది, ఊరుకో" అన్నాను. నిజానికి నాకలాంటి అనుమానమేమీ లేదు. ఊరుకుంటుందని అన్నాను.

ఇల్లు అమ్మడం లేదు.

నువ్వు ప్రశ్నల పెట్టె మానేశావు. అది శిక్ష నీకా, నాకా? నీ తర్వాత వచ్చినవాడు ఎడ్సెల్ గేరు బటన్లు డాష్‌బోర్డు మీద ఉండేవని వేశాడు. స్టీరింగ్ నడిమధ్యలో కదరా ఉండేవి. వాడికి ఉత్తరం రాశాను. మర్యాదగానే రాశాను. నువ్వు మళ్లీ తీసుకుంటే మంచిది, తప్పులు కాస్త తక్కువ చేస్తావు.

నిన్ను క్షమించానని రాయమని ఇర్మా పక్కన కూర్చుని పోరుతోంది. రాయను. వెతికాను, లోపల ఇంకా లేదు. వస్తుందో రాదో నేను చెప్పలేను. పొద్దున గడ్డం గీసుకుంటుంటే నీ మీద కోపమొస్తుంది. మధ్యాహ్నానికి నీకేదో చెప్పాలనిపిస్తుంది, ఫలానా బండి చూశాననో ఏదో. రెండూ నిజమే.

ఆగస్టు 15న ఇక్కడ సంఘం వాళ్ల మేళా ఉంది. ఛాంపియన్‌ని తీసుకెళ్తున్నాను. రావాలనుంటే రా. ఇల్లు అదే, ఎక్కడికీ పోలేదు. బస్సు స్టాండు సరస్సు ఒడ్డునే ఉంది. నేను బండి వేసుకుని ఎదురు రాను. ఎవరినీ ఎక్కించుకోమని అడగకు. నడిచి రా. ఆ కొండ ఎక్కడానికి మన వయసులో ముప్పావుగంట పడుతుంది, రెండు చోట్ల ఆగాలి. నేను ఎక్కడెక్కడ ఆగేవాణ్ణో నీకే తెలుస్తుంది.

కాఫీ పెట్టి ఉంచుతాను.

ఆర్విడ్